అర చుట్టు

జూన్ 4

మామయ్యగారికి నమస్కారం.

నా దగ్గర్నుంచి ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతారని తెలుసు. ఫోన్ చేస్తే మీకు వినపడదు. వినపడేలా నేను అరిస్తే మీ ఇంట్లో పక్కగదిలో ఉన్న మీ అమ్మాయికి వినపడుతుంది. ఇంటికి రాస్తే కవరు మీద నా చేతిరాత చూసి తను చించేస్తుంది. అందుకే మీ పాత షెడ్డు చిరునామాకు రాస్తున్నాను. మీ తర్వాత దాన్ని నడుపుతున్న మీ శిష్యుడు మీ చేతికి అందిస్తాడని నమ్మకం.

ఒక సాయం కావాలి. తన బండిని నేనే విప్పి, నేనే చూసుకోవడం నేర్చుకుందామనుకుంటున్నాను. నవ్వకండి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసుకునేవాడికి ఇంజన్ ఎందుకని మీరు అంటారు. పన్నెండేళ్ళుగా నేను బిగించిన స్క్రూల్లో అతి పెద్దది కూడా బియ్యపు గింజంత ఉండదు. అయినా నేర్చుకోవాలి.

ఎందుకో మీకు కొంత తెలుసు. ఆ రోజు మీరూ మా ఇంట్లోనే ఉన్నారు కదా. ల్యాబ్ పని మీద రక్తం నమూనాల పెట్టె వెనక కట్టుకుని వెళ్ళిన మీ అమ్మాయి, కూడలిలో కుడివైపు తిరుగుతుంటే బండి ఆగిపోయిందని, ఆగాకే లారీ తగిలిందని మొదట్నుంచీ ఒకటే మాట చెబుతోంది. బండి కంపెనీ సర్వీసు షెడ్డు మేనేజరేమో, "బండి పక్కకి పడితే ఇంజన్ దానంతటదే ఆగిపోతుందండీ, లోపల దానికో సెన్సర్ ఉంటుంది. మేడమ్‌గారు ముందే ఆగిందనుకుంటున్నారు, అంతే" అన్నాడు. ఆ మాటని నేను ఆస్పత్రిలో తన మంచం పక్కన నిలబడి, అన్నీ తెలిసినవాడిలా, తనకే అప్పజెప్పాను. అప్పటికి కాళ్ళు కదలవని డాక్టర్ చెప్పి రెండు రోజులైంది. అటు తిరిగి పడుకోవడానికి కూడా లేక తను కళ్ళు మూసుకుంది. ఇంటికి పంపించే రోజు "నాన్న దగ్గరికి పోతాను" అంది. అంతే, ఆ తర్వాత నాతో మాట లేదు.

సర్వీసుకి తీసుకెళతానని రెండుసార్లు వాయిదా వేసింది నేనే. అది ఎలాగూ నా మెడకే చుట్టుకుంది. ఇప్పుడు నాకు తెలియాల్సింది ఒక్కటే. బండి ముందు ఆగిందా, ముందు పడిందా? ఈసారి ఎవరి మాటా విననండి. నా చేతులతో నేనే చూడాలి. వంగిన హ్యాండిల్ మార్పించాను. ఇంజన్ స్టార్ట్ అవుతోంది. ఇక్కడ్నుంచి మీరే దారి చూపించాలి.

మీ అల్లుడు


జూన్ 11

అల్లుడుగారికి,

మీ ఉత్తరం అందింది. "గురువుగారూ, ఈ వయసులో మీకు ఉత్తరాలేమిటి, ఏమిటి సంగతి" అని నా శిష్యుడు షెడ్డంతా వినపడేట్టు ఆటపట్టించాడు. నాకే సరిగ్గా వినపడలేదు కాబట్టి సరిపోయింది.

మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. అమ్మాయి అలాగే ఉంది. పొద్దున పక్కింటావిడ వచ్చి స్నానం చేయించి వెళుతుంది. మిగతాదంతా నేనే. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్‌రూమ్‌కి, మళ్ళీ మంచం మీదికి. చిన్నప్పటిలాగే రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, ముఖం నా భుజంలో దాచుకుంటుంది. బరువు మాత్రం చిన్నప్పటిది కాదు, నా నడుమూ అప్పటిది కాదు. మీ ఊసు అది ఎత్తదు, నేనూ ఎత్తను. బండి ఒకసారి చూపించి తీసుకురమ్మంటే తీరికలేని పెద్దమనిషికి, ఇప్పుడు ఇంజన్ విప్పేంత తీరిక దొరికిందన్నమాట. సంతోషం.

అయినా ఇంజన్ గురించి అడిగినవాణ్ని ఉత్తచేతులతో పంపడం నాకు చేతకాదు. రాసుకోండి. పాత దుప్పటి ఒకటి పరవండి. విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరుసలోనే దాని మీద పెట్టండి. రానిదాన్ని బలవంతంగా లాగకండి. రాలేదంటే మీకు కనపడని స్క్రూ ఇంకోటి ఉందని అర్థం. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. మీరు చూపించని బండి కాబట్టి అది మట్టితో పూడుకుపోయే ఉంటుంది. ఆ తర్వాత నిప్పురవ్వ పుట్టించే ప్లగ్. లేత బిస్కెట్ రంగులో ఉంటే మంచిది, మసిపట్టి ఉంటే మంచిది కాదు. ఇక ఇంజన్‌ని చెవులతో వినకండి, చెవులు మోసం చేస్తాయి. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి పెట్టుకోండి. వినికిడి పోయిన దగ్గర్నుంచీ నేను అలాగే వింటున్నాను. ట్యాంకు మీద అరచెయ్యి వేసినా నాకు చాలు.

మీ బండికి గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ లేదని, కంప్యూటర్ లెక్కపెట్టి పెట్రోలు చల్లుతుందని కంగారు పడకండి. గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, ఏ ఇంజన్‌కైనా ఈ మూడే. నలభై ఏళ్ళలో నా చెయ్యి పడి బాగుపడని బండి లేదు.

మీ మామగారు


జూన్ 20

మామయ్యగారికి,

నాకు "మీరు" అని రాశారు. పెళ్ళైన దగ్గర్నుంచీ "ఒరే అబ్బాయ్" అన్న మనిషి. తిట్టి ఉంటే ఇంతకన్నా బాగుండేది. సరే, దానికి తగినవాణ్నే.

దుప్పటి పరిచాను. సీటు, పక్క మూతలు, ట్యాంకు వరుసగా పెట్టాను. ఎదురింటాయన వచ్చి, "ఏమండీ, తూకానికి అమ్మేస్తున్నారా?" అన్నాడు. షాపుకి మూడు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది. గోళ్ళలో నలుపు పోక షాపులో అద్దాలు ముట్టుకోవద్దంటున్నారు.

చెబితే వింతగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది. పూడుకుపోయి ఉంటే బాగుండని, తప్పు నాదని తేలిపోతే ఒక పని అయిపోతుందని ఆశపడ్డాను. ప్లగ్ మీరు చెప్పిన బిస్కెట్ రంగే. మూడువందల పేజీల పుస్తకం సంపాదించి చదువుతున్నాను. ఈ బండికి జబ్బు చేస్తే మీటర్ దగ్గర చిన్న లైటు మినుకుమని చెబుతుందట. పొడుగ్గా ఎన్నిసార్లు, పొట్టిగా ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టుకుని పుస్తకంలో చూసుకోవాలి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఏ జబ్బూ లేదట.

ఒక సంగతి మీకు తమాషాగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే, ఎవరూ ఎక్సలేటర్ ముట్టుకోకపోయినా ఇంజన్ గట్టిగా తిరుగుతుంది. పాడైందేమో అనుకున్నాను. కాదట. వేడెక్కేదాకా కంప్యూటరే అలా ఉంచి, వేడెక్కాక తనే తగ్గించుకుంటుందట. మీ కాలం బండ్లకి మీరు చోక్ లాగి, మళ్ళీ నెట్టేవాళ్ళు కదా, ఆ పని అదే చేసుకుంటోందన్నమాట.

ఇంకోటి. గాలి వెళ్ళే గొట్టం పక్కన ఒక చిన్న స్క్రూ ఉంది. దాని మీద పసుపు రంగు చుక్క పెట్టి ఉంది, అది చిట్లిపోయి ఉంది. అదేమిటి? పుస్తకంలో ఇంకా అక్కడికి రాలేదు.

ఇంట్లో ఉంచుకునే నా కళ్ళజోళ్ళ పనిముట్లలో ఒక స్క్రూడ్రైవర్ మొన వంగిపోయి కనిపించింది. మొనకి ఏదో పసుపు కూడా అంటుకుంది. మీ అమ్మాయి దాంతో డబ్బా మూతలు తీసి ఉంటుంది. వచ్చాక పోట్లాడతాను. వస్తే.

మీ అల్లుడు


జూన్ 29

బాబూ,

ఒక్క సంగతి సరిగ్గా చూసి రాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ వేగం ఎంతసేపు ఉంటోంది? గడియారం పెట్టుకుని చూడు. వేడెక్కాక ఎక్సలేటర్ పూర్తిగా వదిలేస్తే ఏమవుతోంది? ఒకసారి కాదు, ఐదారుసార్లు చూసి రాయి. ఊహించి రాయొద్దు.

ఆ పసుపు చుక్క స్క్రూ జోలికి పోకు. కంపెనీవాళ్ళు ఏవో గుర్తులు పెట్టుకుంటారు.

నిన్న మధ్యాహ్నం కుర్చీలో కూర్చోబెట్టాక అమ్మాయి అడిగింది. "నాన్నా, నేనే క్లచ్ వదిలేశానేమో కదా? ఆయన అన్నదే నిజమేమో. బండి ఆగలేదేమో, నేనే కంగారుపడి పడిపోయానేమో." ఆరేళ్ళు రోజూ తెల్లారేసరికి బండి మీద ఊరంతా తిరిగిన పిల్ల. తన చేతుల మీద తనకే నమ్మకం పోతోంది. ఎండ వస్తోందని కిటికీ వెయ్యడానికి లేచాను. కిటికీ వేసే ఉంది.

ఆ బండి ఎవరికైనా ఇచ్చెయ్యకూడదూ.

మామయ్య


జూలై 6

మామయ్యగారికి,

మళ్ళీ "బాబూ" అన్నారు. షాపులో అందరి ముందూ నవ్వుకున్నాను. నా మీద మీకు కోపం తగ్గిందంటే, తనకీ ఎప్పటికైనా తగ్గుతుంది.

మీరు అడిగినవన్నీ గడియారం పెట్టుకుని చూశాను. వేగం రెండు నిమిషాల నలభై సెకన్లు ఉంటోంది. ఆ తర్వాత తగ్గుతుంది. తగ్గాక ఎక్సలేటర్ ఇచ్చి ఒక్కసారిగా వదిలాను. మామయ్యగారూ, ఆగిపోయింది. ఆరుసార్లు చూస్తే నాలుగుసార్లు ఆగిపోయింది. స్టాండు వేసి నిలబెట్టిన బండి, పడకుండానే ఆగిపోయింది. వీధి మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. ఎదురింటాయన వచ్చి మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళాడు.

తను చెప్పిందే నిజం. మలుపు తిరగడానికి ఎక్సలేటర్ వదిలింది, బండి ఆగింది, తర్వాతే లారీ వచ్చింది. నేను నమ్మలేదు.

మీరు వద్దన్నా పుస్తకంలో ఆ స్క్రూ సంగతి చదివాను. ఎక్సలేటర్ వదిలేసినప్పుడు ఎంత గాలి లోపలికి పోవాలో నిలబెట్టేది అదేనట. ఫ్యాక్టరీలో బిగించి, ఎవరూ తిప్పకుండా రంగు పెడతారు. కంప్యూటర్ లెక్కలన్నీ దాన్ని నమ్ముకునే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు తేడా తెలియదు, వేడెక్కాకే తెలుస్తుంది. షాపులో వాడే భూతద్దం పెట్టి చూశాను. స్క్రూ మీది రంగు, పక్కన లోహం మీది రంగు కలిసి ఉండాలి. అర చుట్టు ఎడంగా ఉన్నాయి. ఎవరో వెనక్కి తిప్పారు. రెండూ కలిసేదాకా తిప్పి పెట్టాను. ఇరవైసార్లు వదిలి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

కంపెనీ షెడ్డులో ఏ వెధవ తిప్పాడో! వాడి చెయ్యి పడిపోను! రేపే వెళ్ళి నిలదీస్తాను. ఈ ఆదివారం వచ్చి తన కాళ్ళ దగ్గర కూర్చుని, నీదే నిజమని చెబుతాను. రమ్మంటారా?

మీ అల్లుడు


జూలై 14

బాబూ,

ఇప్పుడే రావద్దు. మొన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఇక కర్రల సాయంతో నడిచే మాట కూడా మరచిపొమ్మన్నాడు డాక్టర్. చక్రాల కుర్చీయేనట, ఎప్పటికీ. తిరిగి వచ్చేటప్పుడు ఏడవలేదు. పైగా నాకు నడుంనొప్పి అని "నెమ్మదిగా ఎత్తు నాన్నా, తొందరేముంది" అంది.

షెడ్డువాళ్ళ మీదికి వెళ్ళకు. పాపం, వాళ్ళకేం తెలుసు. అమ్మాయితో నేనే మాట్లాడతాను. నాకు కొన్నాళ్ళు గడువు ఇవ్వు.

మామయ్య


జూలై 22

మామయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చేలోపే షెడ్డుకి వెళ్ళొచ్చాను. మేనేజర్ రిజిస్టర్ చూపించాడు. ప్రమాదానికి ముందు పది నెలల్లో బండి వాళ్ళ దగ్గరికే రాలేదు. ఆ పది నెలలూ రోజూ నడిచింది, ఎక్కడా ఆగలేదు. "ఈ స్క్రూ తిప్పి ఉంటే అదే రోజు ఆగేదండీ" అన్నాడు. ఇంటికొచ్చి చాలాసేపు పనిముట్ల డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ స్క్రూ నేనే తిప్పాను. ముందురోజు సాయంత్రం. షాపులో ఎవరో చెబితే, పెట్రోలు కలిసొస్తుందని తిప్పి మరచిపోయాను. నా స్క్రూడ్రైవర్‌తోనే తిప్పాను, అందుకే మొన వంగింది. ఆ రోజు మీరు బండి దగ్గరికి కూడా వెళ్ళలేదు. నాకు బాగా గుర్తుంది.

తనతో ఇలాగే చెప్పండి. బండి ముందు ఆగింది, తను ఏ పొరపాటూ చెయ్యలేదు, తప్పంతా మీ అల్లుడిది. ఈ మూడు మాటలూ చాలు. నన్ను కాదనుకోవడం తనకి ఎలాగూ అలవాటైపోయింది. ఆ అలవాటుని కదిలించకండి. పొద్దున లేస్తే తనకి కావలసింది నేను కాదు, మీరు. మీ మెడ చుట్టూ చేతులు వేస్తేనే కదా తను మంచం దిగేది.

ఇంతకన్నా నేను రాయను. ఇంతకన్నా మీరు అడగకండి.

మీ అల్లుడు


ఆగస్టు 1

బాబూ,

అద్దాలు అరగదీయడంలో ఉన్న నేర్పు నీకు అబద్ధం రాయడంలో లేదు. పసుపు చుక్క స్క్రూ ఏమిటని జూన్ ఇరవైన నన్ను అడిగినవాడివి, దాన్ని నువ్వే తిప్పానంటే ఎవరు నమ్ముతారు? నీ ఉత్తరాలన్నీ దాచుకున్నాను.

ఆ రోజు పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళావు. అమ్మాయి బండి స్టార్ట్ చేసి, పెట్టెలో ఐసు ముక్కలు సర్దుకుంటోంది. నేను ట్యాంకు మీద అరచెయ్యి వేశాను. ఇంజన్ మరీ గట్టిగా తిరుగుతోంది. "ఇంత వేగం పెట్టారేమిటే, పెట్రోలంతా తాగేస్తుంది, చిన్న స్క్రూడ్రైవర్ ఏదైనా ఉందా" అన్నాను. నీ డబ్బాలోంచి అదే తెచ్చి నా చేతికిచ్చింది. కార్బొరేటర్ బండికైతే అలాంటి స్క్రూ కొంచెం వెనక్కి తిప్పి వేగం తగ్గిస్తాం. అర చుట్టు తిప్పాను. రంగు చిట్లింది, చూశాను. కంపెనీవాళ్ళ తెలివి మనకెందుకులే అనుకున్నాను. కాసేపటికి ఇంజన్ సన్నగా తిరిగింది, నా చేతి చలవే అనుకున్నాను. "ఇప్పుడు బాగుంది, వెళ్ళిరా" అని వీపు తట్టి పంపించాను.

నేను స్క్రూ తిప్పానని దానికి తెలుసు, బాబూ. మొదట్నుంచీ తెలుసు. కానీ నేను చెయ్యి వేస్తే బండి పాడవుతుందన్న ఊహే దానికి రాలేదు. నన్ను అనుమానించడం రాక, తన్ను తాను అనుమానించుకుంది.

చల్లగా ఉంటే ఇంజన్ దానంతటదే గట్టిగా తిరిగి, దానంతటదే తగ్గుతుందని నువ్వు తమాషాగా రాశావు చూడు, ఆ ఉత్తరం షెడ్డులో బల్ల మీద కూర్చుని చదివాను. ఆ వేగం దానికి సహజమేనని, నేను తగ్గించాల్సింది కాదని అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి నెల దాటింది. రోజూ దాన్ని ఎత్తుకున్నాను, దించాను, అన్నం పెట్టాను, చెప్పలేదు. చెబితే వెళ్ళిపోతుందని కాదు నా భయం. ఎక్కడికీ వెళ్ళలేని మనిషి కదా. ఇక్కడే, నా చేతుల్లోనే ఉండాలి కదా.

నువ్వు రాసిన మూడు మాటలే చెబుదామనుకుని నిన్న మధ్యాహ్నం దాని ఎదురుగా కూర్చున్నాను. "బండి ముందు ఆగిందే. నీ తప్పు ఏమీ లేదు" అన్నాను. దాని ముఖం వెలిగింది. ఇన్ని నెలల్లో అలా చూడలేదు. "ఎందుకు ఆగింది నాన్నా?" అంది. ఆ ముఖం చూస్తూ నీ పేరు చెప్పలేకపోయాను. ఉన్నదంతా చెప్పేశాను.

నీ ఉత్తరాలు తెమ్మంది. మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఆఖరిదాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత నెమ్మదిగా, నేను పెదాలు చూసి తెలుసుకునేలా నా వైపు తిరిగి అంది. "నీకోసం అబద్ధం కూడా ఆడాడు. నేను నిజం చెబితే మాత్రం నమ్మలేదు."

నీకేం రాయమంటావని అడిగాను. ఏమీ వద్దంది. ఇంకేమైనా అంటుందేమో, తిడుతుందేమో, ఏదైనా విసిరికొడుతుందేమో అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. కాసేపటికి బాత్‌రూమ్ వైపు చూసింది. పక్కింటావిడ పొద్దున తప్ప రాదు. మళ్ళీ చూసింది. చూసి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ చాచింది.

ఎత్తుకున్నాను. మెడ చుట్టూ వెయ్యలేదు. పడిపోకుండా నా చొక్కా మాత్రం పట్టుకుంది. ముఖం అటు తిప్పుకుంది.

ఈ పొద్దున కూడా అంతే. రేపూ అంతే. తిప్పినవాడి చెయ్యి పడిపోవాలన్నావు కదా. పడిపోలేదు. పడిపోతే దాన్ని మంచం మీంచి దింపేవాళ్ళు లేరు.

మామయ్య